ఇంట్లో వడ్రంగం షాపు: పోర్టికోనా, పెరడా, స్లాబు మీదా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ విషయం తెలుస్తుంది. హన్మకొండలో నయీంనగర్ నాలాకు రెండు వీధుల అవతల 200 గజాల్లో తూర్పు ముఖం ఇల్లు, కింద ఒక పోర్షన్, పైన ఒకటి. ముందు 11 అడుగుల వెడల్పు, గేటు నుంచి ఇంటి గోడ వరకు 18 అడుగుల పొడవు ఉన్న పోర్టికో. వెనక పడమర ప్రహరీకీ ఇంటికీ మధ్య 8 అడుగుల సందు. పై పోర్షన్‌లో 10 బై 12 ఖాళీ గది. స్లాబు మీద రేకుల షెడ్డు వేసుకునే వీలు. పరకాల దగ్గర ఊళ్ళో తాతల నాటి పెంకుటిల్లు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, ఆదివారాలు చెక్కపని చేస్తారు. టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే కోత మిషను), డ్రిల్ ప్రెస్ (నిలువుగా బెజ్జాలు వేసే మిషను) కొంటారు. మొదట అమ్మకు దేవుని మందిరం, తర్వాత పుస్తకాల అర, ఆ తర్వాత మంచం చేస్తారు. చివర్లో ఒక్క ముక్క రాశారు, అమ్మకు దమ్ము (ఆస్తమా) ఉందని. నా జవాబులో సగం ఆ ముక్క వల్లే వచ్చింది.

నేనైతే పోర్టికోలో కోత మాత్రమే పెడతాను. కట్టె వెనక సందులో ఉంటుంది. ఉలి పని, బిగింపు పై గదిలో. సాండింగ్ (గరుకు కాగితంతో నునుపు చేయడం), పాలిష్ స్లాబు మీద. ఒకే అర్రలో అన్నీ పట్టించాలని చూస్తే మీ ఇంట్లో ఏ చోటూ సరిపోదు. పనిని విడగొడితే అన్నీ సరిపోతాయి. ఎందుకో చెప్తాను.

చోటు వెతికేటప్పుడు అందరం మొదట చదరపు అడుగులు లెక్కపెడతాం. చెక్కపనికి అంతకంటే ముందు చూడాల్సింది దారి. ట్రాలీ ఆటో మీద వచ్చిన షీటు గేటు దగ్గర దిగి, ఎక్కడా నిలబెట్టి తిప్పాల్సిన అవసరం లేకుండా బ్లేడు దాకా వెళ్ళగలదా? 18 ఎంఎం ప్లైవుడ్ షీటు 8 అడుగులు బై 4 అడుగులు ఉంటుంది, రకాన్ని బట్టి 30 కిలోలు దాటుతుంది. మన ఇళ్ళలో మెట్లు మూడడుగుల వెడల్పుతో, మధ్యలో వెనక్కి తిరిగే ల్యాండింగ్‌తో ఉంటాయి. ఆ మలుపులో పూర్తి షీటును తిప్పబోతే గోడ పెచ్చులూడుతుంది, లేదంటే షీటు అంచు పగులుతుంది. ఇద్దరు మనుషులుంటే ఎలాగో ఎక్కిస్తారు, కానీ సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి వచ్చాక ఆ రెండో మనిషి ఎక్కడ దొరుకుతాడు? స్లాబు మీద షెడ్డుకు, పై గదికి పూర్తి షీట్లు, పొడుగు కట్టె వెళ్ళవని ఇక్కడే తేలిపోయింది. కోసిన ముక్కలు మాత్రం హాయిగా వెళ్తాయి. మందిరం పక్క పలకలను ఒక చేత్తో మోసుకుపోవచ్చు.

ఇక బ్లేడు దగ్గర ఎంత చోటు కావాలో చూద్దాం. టేబుల్ సా మీద కట్టెను పొడవుగా చీలుస్తున్నప్పుడు అది మొదట మొత్తం బ్లేడుకు ఇవతల ఉంటుంది, చివరకు మొత్తం అవతలికి పోతుంది. అంటే 7 అడుగుల మంచం పట్టీకి బ్లేడుకు ఇటు 7, అటు 7, మీరు నిలబడడానికి ఇంకో 2, మొత్తం 16 అడుగులు. మీ పోర్టికో 18. గేటు మూసుకుని కూడా మంచం పట్టీ చీల్చవచ్చు. 8 అడుగుల కట్టెకు ఇదే లెక్కన 18 అడుగులూ పూర్తిగా అయిపోతాయి, అప్పుడు గేటు తెరిచి పెట్టుకోండి. ప్లైవుడ్ పూర్తి షీటును మాత్రం టేబుల్ సా మీదికి ఎత్తకండి. గేటు లోపల నేల మీద పాత థర్మాకోల్ షీటు పరిచి, దాని మీద ప్లైవుడ్ పెట్టి, తిన్నటి పట్టీ ఒకటి క్లాంపులతో బిగించి, చేతి సర్క్యులర్ సాతో ముందు పెద్ద ముక్కలు చేసుకోండి. థర్మాకోల్‌లోకి బ్లేడు రెండు మూడు మిల్లీమీటర్లు దిగినా నష్టం లేదు, షీటు మధ్యలో కుంగదు, బ్లేడు బిగుసుకోదు. ప్లైవుడ్ దుకాణాల్లో కొందరు అడిగితే అక్కడే సగానికి కోసిస్తారు కూడా. ఈ ఒక్క అలవాటుతో షాపుకు కావాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

సా ఏ దిక్కుకు పెట్టాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. మీ ముఖం గేటు వైపు, వీపు ఇంటి గోడ వైపు ఉండాలి. రెండు కారణాలున్నాయి. ఒకటి, కోసిన కట్టె గేటు వైపు పోతుంది కాబట్టి పొడుగు కట్టె వచ్చినప్పుడు గేటు తెరిస్తే చాలు. రెండోది ఇంకా ముఖ్యం. బ్లేడుకూ ఫెన్సుకూ (కట్టెను ఆనించి తోసే పక్క పట్టీ) మధ్య ముక్క బిగుసుకుంటే అది నిలబడ్డ మనిషి వైపు విసురుగా వెనక్కి వస్తుంది. దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. మీ వెనక గోడ ఉంటే ఆ ముక్క గోడకు తగులుతుంది. వెనక వీధి ఉంటే గేటు తోసుకుని వచ్చే పిల్లకు తగులుతుంది. గేటు ఎదురుగా ఉంటే ఎవరు వస్తున్నారో మీకు కనపడుతుంది, చప్పుడులో పిలుపు వినపడకపోయినా. మీ వెనక గోడలోనే ఇంటి సింహద్వారం ఉంటే మిషను ఆన్ చేసే ముందు లోపల గడియ పెట్టించండి. ఇంట్లోవాళ్ళు పక్క దర్వాజ వాడుకోవాలి. మీరు కూడా బ్లేడుకు సరిగ్గా వెనక కాకుండా అరడుగు ఎడమకు జరిగి నిలబడండి. తూర్పు ముఖం కాబట్టి పొద్దున ఎనిమిదింటి దాకా ఎండ నేరుగా కళ్ళలో కొడుతుంది. ఆదివారం పొద్దున పని మొదలుపెట్టేవాళ్ళయితే గేటు దగ్గర ఒక పరదా తప్పదు.

ఇప్పుడు మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. మీ సంపు ఎక్కడుంది? మన దగ్గర తూర్పు ముఖం ఇళ్ళలో ఈశాన్యంలో, అంటే పోర్టికో కిందే సంపు తవ్వడం మామూలు. మీదీ అలాగే అయితే మూడు విషయాలు చూసుకోవాలి. సంపు మీది స్లాబు మీద బరువు మిషను శాశ్వతంగా నిలపకూడదు. మూత ఎప్పుడైనా తీయడానికి వీలుండాలి. మూత సందుల్లోంచి పొట్టు నీళ్ళలో పడకూడదు, అవి మీరు వాడుకునే నీళ్ళు. మూత చుట్టూ రబ్బరు పట్టీ వేయించి, పని చేసేటప్పుడు పైన మందపాటి ప్లాస్టిక్ షీటు పరవండి.

సంపు ఉన్నా లేకపోయినా నేల చెమ్మ పరీక్ష చేయండి. రెండడుగుల చదరం పాలిథీన్ కాగితాన్ని నేలమీద పరిచి, నాలుగు అంచులా టేపుతో గాలి పోకుండా అతికించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు కింది వైపు నీటి బొట్లు కనపడినా, నేల రంగు నల్లబడినా ఆ చోట చెమ్మ పైకి వస్తున్నట్టే. అక్కడ కట్టె పెట్టకూడదు, ఇనుప మిషను కాళ్ళు నేరుగా నేలకు ఆనకూడదు. ఈ పరీక్షను వానాకాలంలో చేస్తేనే విలువ. మే నెలలో చేస్తే ఏ నేలైనా పొడిగానే ఉంటుంది.

నాలా దగ్గర ఉన్నారు కాబట్టి వరద సంగతి కూడా చెప్పాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ లోతట్టు కాలనీల్లోకి నీళ్ళు ఎలా వచ్చాయో మీకు తెలుసు. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. మీ వీధిలో ఆ రెండుసార్లు నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో పాతవాళ్ళను అడిగి, పోర్టికో గోడ మీద గీత గీయండి. ఇంకో మాట, మన వీధుల్లో పాత రోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు వేస్తూ పోతే రోడ్డు పైకి లేచి ఇల్లు కిందికి పోతుంది. ఆ గీతకు పైనే ప్లగ్గులు, స్విచ్చులు ఉండాలి, 4 అడుగుల ఎత్తు పెట్టించండి. టేబుల్ సా మోటారు కూడా గీతకు పైనే ఉండేట్టు స్టాండు ఎత్తు చూసుకోండి. డ్రిల్ ప్రెస్ నేలమీద నిలబెట్టేది కాకుండా బల్ల మీద పెట్టేది కొనండి. గీత మోకాలు దాటి ఉంటే మాత్రం పోర్టికోలో బరువు మిషన్లు వద్దనే చెప్తాను. చక్రాల మీద ఉన్నా వరదలో వాటిని ఎటు తోస్తారు?

పోర్టికో నేల నీళ్ళు పోవడానికి గేటు వైపు వాలుగా ఉంటుంది. రసమట్టం పెట్టి ఎంత వాలు ఉందో చూసుకోండి. టేబుల్ సా వాలులో ఉన్నా కోత తప్పు పోదు, ఎందుకంటే కొలతలన్నీ దాని సొంత బల్ల నుంచే. కాళ్ళు నాలుగూ సమంగా ఆని ఊగకుండా ఉంటే చాలు. చక్రాలు పెడితే మాత్రం తాళం పడే చక్రాలే కావాలి, అదీ నాలుగింటికీ. రేపు కారు కొన్నా ఈ చక్రాల వల్లే చోటు ఖాళీ అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఈశాన్యంలో బరువు వద్దంటారు, మీ అమ్మగారూ అనే ఉంటారు. పని అయ్యాక మిషన్లను దక్షిణం గోడకు తోసి పెట్టండి. సంపు మీద బరువు తీసేసినట్టూ అవుతుంది, అమ్మగారి మాట విన్నట్టూ అవుతుంది.

దుమ్ము సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగాలకు వచ్చే క్యాన్సర్ అది. ఏళ్ళ తరబడి ఎక్కువ దుమ్ములో పనిచేసేవాళ్ళకు ఉండే ప్రమాదమే అయినా, దమ్ము ఉన్న మనిషికి ఆయాసం రావడానికి అన్నేళ్ళు అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. రందా (చిత్రిక) పట్టినప్పుడు వచ్చే చుట్టలు, బ్లేడు కింద పడే పొట్టు కంటికి పెద్దగా కనిపిస్తాయి కానీ అవి నేలమీదే ఉంటాయి, ఊడ్చేస్తే పోతాయి. అసలు భయపడాల్సింది సాండింగ్ మిషను నుంచి వచ్చే సన్నటి ధూళికి. అది గాలిలో గంటల తరబడి తేలుతుంది, కర్టెన్లలోకి, పరుపుల్లోకి పోతుంది. మీరు మాస్కు తీసేసి అన్నం తింటున్నప్పుడు కూడా అది ఇంకా దిగుతూనే ఉంటుంది.

అందుకే సాండింగ్‌ను పోర్టికో నుంచి పూర్తిగా తీసేయమంటున్నాను. దానికి పెద్ద చోటు అక్కర్లేదు, ముక్కలు అప్పటికే చిన్నవి. స్లాబు మీద మెట్ల గది నీడలో ఒక బల్ల, ఒక ప్లగ్గు ఉంటే సరిపోతుంది. గాలి వాటం మాత్రం చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మనకు గాలి ఎక్కువగా పడమర నుంచి వస్తుంది, చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. వానాకాలంలో పోర్టికో దుమ్ము వీధి వైపు పోతుంది, చలికాలంలో అదే దుమ్ము నేరుగా ఇంట్లోకి వస్తుంది. దమ్ము ఎక్కువయ్యేదీ చలికాలంలోనే. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పోర్టికోలో కోత తగ్గించుకుని, పై గదిలో ఉలి పని, బిగింపు పెట్టుకోండి. పక్కింటి వాళ్ళు బట్టలు ఆరేసే వేళ కూడా చూసుకోవాలి. చిన్న విషయంలా ఉంటుంది కానీ కాలనీలో గొడవలు అక్కడే మొదలవుతాయి.

పోర్టికోలో కోతకు టేబుల్ సా దుమ్ము గొట్టానికి వ్యాక్యూమ్ తగిలించండి, మధ్యలో మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెడితే పొట్టంతా అందులోనే పడుతుంది, వ్యాక్యూమ్ ఫిల్టరు తొందరగా మూసుకుపోదు. ఇంటి వైపు కిటికీ తలుపులకు రబ్బరు పట్టీలు వేయించండి. అమ్మగారి గది పోర్టికో గోడకు ఆనుకుని ఉంటే ఆవిడను వెనక గదికి మార్చే వీలుందా చూడండి. లేదంటే నా సలహా మారుతుంది. అప్పుడు టేబుల్ సా కొనడమే వాయిదా వేసి, షీట్లు దుకాణంలో కోయించుకుని, మిగతాదంతా పై గదిలో చేతి రంపంతో, రందాతో చేయండి. మందిరం అలాగే చేయవచ్చు, ఇంకా అందంగా వస్తుంది. ఏదేమైనా ఎండీఎఫ్‌ను (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక) మాత్రం ఆ ఇంట్లో కోయకండి. దాని పొడి మరీ సన్నం, పైగా జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది.

కట్టె నిల్వకు వెనక సందు. ఎనిమిదడుగుల వెడల్పులో మిషను పెడితే కట్టెను తిప్పలేరు. కట్టె పేర్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది. పడమటి ఎండ నేరుగా పడకుండా పైన రేకు, పక్కన గ్రీన్ నెట్ కట్టండి. నేల నుంచి అడుగు ఎత్తున ఇనుప స్టాండు, దాని మీద పలకలు, పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం పుల్లలు అడ్డంగా, ఒకటిన్నర రెండడుగులకు ఒకటి చొప్పున, కింది నుంచి పై దాకా ఒకే నిలువు గీతలో. పుల్లలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా రాకపోతే పలక వంగుతుంది. గోడకు అరడుగు దూరం ఉండాలి, అటువైపు గాలి ఆడాలి, చెదలు గోడ పట్టుకుని వస్తున్నాయా అన్నది టార్చి వేసి చూడగలగాలి. నేలలోంచి వచ్చే చెదలు మట్టి గొట్టం కట్టుకునే వస్తాయి, స్టాండు కాళ్ళ మీద ఆ గొట్టం కనపడితే అదే మొదటి హెచ్చరిక. ప్లైవుడ్‌ను ఇక్కడ పెట్టకండి, అది లోపలే ఉండాలి. గ్యాస్ సిలిండరు ఈ సందులోనే ఉంటే దాన్ని వేరే చోటికి మార్చాకే కట్టె పేర్చండి.

వెనక సందులో ఆరిన కట్టెను నేరుగా కోసి బిగించకండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిబారిపోతుంది, జూలై, ఆగస్టుల్లో తడితో నిండిపోతుంది. ఆ రెండింటి మధ్య టేకు పలక అడుగు వెడల్పుకు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, తగ్గుతుంది. టేకు చాలా తక్కువ కదిలే కట్టె, మామిడి, తుమ్మ ఇంకా ఎక్కువ. మందిరం తలుపులు జనవరిలో చక్కగా మూసుకుని ఆగస్టులో బిగుసుకుపోవడం వెనక ఉన్నది ఇదే. కోయాల్సిన కట్టెను రెండు వారాల ముందే పై గదిలోకి తెచ్చి పెట్టండి. మందిరం చివరకు ఉండేది ఇంట్లోనే, కట్టె ఆ ఇంటి గాలికి ముందే అలవాటు పడాలి. మందిరం వెనక పలకను మేకులతో, జిగురుతో కదలకుండా బిగించకుండా గాడిలో వదులుగా కూర్చోబెట్టండి.

పై గది గురించి మీరు కొంచెం చులకనగా రాశారు. నాకు మీ ఇంట్లో బాగా నచ్చింది అదే. కిటికీ ఉత్తరానికి ఉంటే దాని కింద బల్ల వేయండి, రోజంతా ఒకే రకం వెలుతురు, నీడ గీతను మింగేయదు. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, బరువైన కాళ్ళు. బల్ల గోడకు ఆనాలి, రందా పట్టినప్పుడు జరగకూడదు. కాళ్ళ కింద రబ్బరు షీటు వేస్తే సుత్తి దెబ్బలు కిందివాళ్ళకు అంతగా వినపడవు. రాత్రి అన్నం తిన్నాక అరగంట దొరికితే మిషను వేయలేరు కానీ ఒక మోర్టిస్ (కట్టెల అతుకు కోసం ఉలితో తొలిచే బెజ్జం) తొలుచుకోవచ్చు. పని ముందుకు పోయేది ఆ అరగంటల వల్లే. పరకాల ఇల్లు వద్దనడానికీ కారణం ఇదే. మట్టి గోడలు, గూన పెంకులు, మండే ఎండలోనూ చల్లగా ఉంటుంది, చప్పుడు అనేవాళ్ళు ఉండరు, చూడగానే మనసు అటే లాగుతుంది. కానీ పనిముట్లు ఒక ఊళ్ళో, మనిషి ఇంకో ఊళ్ళో ఉంటే మూడు నెలలకు ఒకసారి వెళ్ళి తుప్పు తుడుచుకుని రావడమే మిగులుతుంది. మట్టి గోడల్లో చెదల బెడద వేరే.

స్లాబు మీద రేకుల షెడ్డు వేసి మొత్తం షాపు అక్కడ పెట్టాలన్న ఆలోచన మానుకోండి. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండకు రేకు కింద నిలబడలేరు, ఫెవికాల్ పూసి ముక్క కూర్చోబెట్టేలోపే పొర కడుతుంది. సిమెంటు రేకులు వేస్తే కోతులు దూకి పగలగొడతాయి, ఇనుప రేకులు వేస్తే ఏప్రిల్ ఈదురుగాలికి లేచిపోతాయి. బరువు సంగతి కూడా ఉంది. మనుషులు తిరిగే పై స్లాబుకు డిజైన్‌లో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోల దగ్గర ఉంటుంది. టేకును రెండడుగుల ఎత్తు పేరిస్తే అంత చోటులోనే 400 కిలోల దాకా వస్తుంది. సాండింగ్ బల్ల, పాలిష్ వరకు స్లాబు మంచిదే. లక్కర్ పాలిష్ వానాకాలంలో వేయకండి, గాలిలో తడికి తెల్లబారుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి, అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడిగా ఆరేయండి.

కరెంటు. పోర్టికోలో సాధారణంగా లైటుకు తోడు ఒక 5 ఆంపుల ప్లగ్గు ఉంటుంది, దాంట్లో టేబుల్ సా పెట్టకూడదు. 2 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు 10 ఆంపుల దాకా, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు ఎంఎం రాగి తీగ, విడి ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే ఆపేది), 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (షాకు కొడితే కరెంటు ఆపేది), 16 ఆంపుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపితే వోల్టేజీ పడి మోటారు కాలుతుంది. తీగ వేయించే ముందు మీ వీధి వోల్టేజీ ఎండాకాలం రాత్రి ఎనిమిదింటికి, అందరి ఏసీలూ నడుస్తున్నప్పుడు, మల్టీమీటరుతో చూడండి. 216 వోల్టుల కంటే కిందికి పోతుంటే మీ ప్రాంతం కరెంటు ఆఫీసులో (ఎన్పీడీసీఎల్) ఫిర్యాదు ఇవ్వండి. ఇంకో జాగ్రత్త, కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు మిషను దానంతటదే తిరగకుండా ఆపే స్విచ్చు ఉంటుంది, నో వోల్ట్ రిలీజ్ స్విచ్చు అని అడగండి. మీరు బ్లేడు దగ్గర ముక్క తీస్తుండగా కరెంటు వస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో చెక్కపని సరదాకు చేసుకున్నంత కాలం ఇంటి మీటరు చాలు. అమ్మడం మొదలుపెడితే మీటరు కేటగిరీ మార్పించాలి, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కూడా కావాలి. మెయిన్ రోడ్డు మీద మడిగె అద్దెకు తీసుకోవడం గురించి అప్పుడే ఆలోచించండి, ఇప్పుడు అనవసరం.

చప్పుడుకు వస్తే, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తాయి. టేబుల్ సా, రౌటరు (గాళ్ళు తీసే మిషను) దగ్గర నిలబడితే అది వంద దగ్గర ఉంటుంది. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పి, ఏ గంటల్లో మిషను వేస్తారో మాట ఇచ్చి దానికి కట్టుబడండి. కొనేటప్పుడు బ్రష్ మోటారు సా కంటే ఇండక్షన్ మోటారు సా చప్పుడు తక్కువని గుర్తుంచుకోండి, ధర ఎక్కువైనా సరే. మీ చెవులకు మఫ్‌లు తప్పనిసరి.

టేకు కొంటే డిపోలో బిల్లు తీసుకుని దాచుకోండి. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి చవకగా వస్తుందని ఎవరైనా బిల్లు లేని కట్టె చూపిస్తే వద్దనండి. అది అడవి కట్టె అయితే పట్టుబడేది మీరే. మందిరానికి మొదటిసారి కొనేది కాబట్టి డిపోలో మిగిలే కురచ ముక్కలు అడగండి. రెండు మూడడుగుల ముక్కలు మందిరానికి సరిపోతాయి, ధర కూడా తగ్గుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఈ వరుసలో. సంపు ఎక్కడుందో చూడండి. వరద గీత గీయండి. పోర్టికో నేలమీద సుద్దముక్కతో సా బొమ్మ గీసి, 7 అడుగుల బొంగు ఒకటి పట్టుకుని ఆ గీతల మీద కోస్తున్నట్టు నడిచి చూడండి, బండి ఎక్కడ పెట్టాలో, గేటు తలుపు ఎటు తెరుచుకోవాలో అప్పుడే తెలుస్తుంది. అమ్మగారి గది కిటికీ ఎటు ఉందో, సంపు ఎక్కడుందో నాకు రాయండి. నిలబడ్డప్పుడు నేల నుంచి మీ మణికట్టు ఎంత ఎత్తులో ఉందో కూడా రాస్తే బల్ల ఎంత ఎత్తు ఉండాలో దాన్ని బట్టి చెప్తాను. ఎలక్ట్రీషియన్‌ను పిలవడం ఇవన్నీ అయ్యాకే. సా కొనడం అన్నిటికంటే చివర.